చకచకా చేసిపడేస్తే ఇంగ్లీషులో ఏమంటారు?

పిల్లలూ! భద్రాచలం చుట్టుపక్కల అడవి పల్లెల్లో అడ్డాకులతో విస్తళ్ళు కుట్టడం మీలో కొందరు చూసే వుంటారు. చేయి తిరిగినవాళ్ళు కబుర్లు చెబుతూనే కట్టలకొద్దీ కుట్టిపడేస్తారు. ఇక్కడ ‘పడెయ్యడం’ అంటే పారవెయ్యడం కాదు, వేగంగా చెయ్యడం. తెలుగులో ఈ ఒక్క తోక ఏ పనికైనా అతుకుతుంది: వండిపడేశాడు, వ్రాసిపడేశాడు.

ఇంగ్లీషువాడు పనికొక మాట పెట్టుకున్నాడు. చిటికెలో వంట చేస్తే ‘విప్ అప్’. విప్ అంటే గుడ్డుసొనను గిలకొట్టడం. గౌను కుట్టేస్తే ‘రన్ అప్’. ఉత్తరం వ్రాసేస్తే ‘డాష్ ఆఫ్’. నాలుగు మేకులు కొట్టి బల్ల చేస్తే ‘నాక్ టుగెదర్’. మరి విస్తరికో? ఆ దేశంలో విస్తరే లేదాయె!

జాగ్రత్త పడవలసింది ‘చర్న్ అవుట్’ దగ్గర. చర్న్ అంటే చిలకడం. కవ్వం తిరిగినట్టు, ఒకే తీరున ఎడతెగకుండా తయారుచెయ్యడమన్న మాట. అందులో వేగంతోపాటు ‘నాణ్యం చూడకుండా’ అనే దెప్పు కూడా తరచు వుంటుంది. భద్రాచలానికి గోదావరి ఆవలిగట్టున సారపాకలో కాగితం మిల్లు వుంది. అది కాగితాన్ని ‘టర్న్ అవుట్’ చేస్తుందంటే పొగడ్తా కాదు, తెగడ్తా కాదు. ‘చర్న్ అవుట్’ అన్నా యంత్రానికి కోపం రాదు. కాని మీ అక్క కథలు వ్రాస్తుంటే, మెచ్చుకుంటున్నాననుకొని ఆ మాట వాడారో, ‘ఏవో గిలికి పారేస్తోంది’ అన్నట్టవుతుంది!

ఇంకొకటి. ‘దాన్ని’ అనే అర్థంలో ‘ఇట్’ వస్తే అది మధ్యలో కూర్చుంటుంది: ‘విప్ ఇట్ అప్’, ‘డాష్ ఇట్ ఆఫ్’. ‘విప్ అప్ ఇట్’ అని వ్రాస్తే మార్కు పోతుంది.