ఒళ్లు ఆరింది, సందులు ఆరలేదు

దసరా పొద్దున ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకి వెళ్లినా కార్లు తలంటు పోసుకుని వరసగా నిలబడి ఉంటాయి. తుడవడం అయ్యాక బానెట్‌కి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, బంతిపూల దండ కడతారు. చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతారు. సరిగ్గా హారతి వెలిగించే వేళకి, ముందున్న కంపెనీ గుర్తు వెనక నుంచి ఒక నీటిబొట్టు బయల్దేరుతుంది. కుంకుమను కలుపుకుని బంపరు మీదికి ఎర్రచారగా పాకుతుంది. దాన్ని తుడిచేలోపు పక్కద్దం కింద ఇంకో ధార. గుడ్డ పట్టుకుని అటు పరుగెడితే తలుపు హ్యాండిల్ కింద మరొకటి. ‘‘అరగంట నుంచి తుడుస్తూనే ఉన్నా కదా, ఈ నీళ్లెక్కడివి?’’ అని ఇంటాయన విసుక్కుంటాడు. హారతి పళ్లెం పట్టుకున్నావిడ ఆగాల్సిందే.

ఎక్కడివో కాదు, ఇందాక ఆయన పోసినవే. గుడ్డకి అందని చోట కాసేపు ఆగి, ఇప్పుడు తమ దారిన తాము వస్తున్నాయి. కారు తయారుచేసినవాళ్లు నీళ్లు అసలు లోపలికే పోకుండా దాన్ని కట్టలేదు. పోయిన నీళ్లు బయటికి వచ్చేలా కట్టారు. కాబట్టి కడిగిన కారును ఆరబెట్టడమంటే ఆ దారులు తెరిచి ఉంచి, నీళ్లను త్వరగా సాగనంపడమే. గుడ్డతో చేసే పని అందులో సగం కూడా ఉండదు.

సందు సన్నమైతే పట్టు ఎక్కువ

దూరం నుంచి ఒకే రేకులా కనిపించినా కారు ముక్కల కూర్పు. తలుపు చుట్టూ, బానెట్ పక్కన, వెనక లైట్ల అంచున, పెట్రోలు మూత చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల సందులుంటాయి. రబ్బరు బీడింగు మడతల్లో, నంబరు ప్లేటు వెనక, లోగో అక్షరాల కింద అంతకన్నా సన్నవి ఉంటాయి. శుభ్రమైన రెండు గాజు పలకల్ని ఒక మిల్లీమీటరు ఎడంతో నీళ్లలో నిలబెడితే, వాటి మధ్య నీరు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు పైకెక్కి అక్కడే నిలుస్తుంది. ఎడం సగం చేస్తే ఎత్తు రెట్టింపవుతుంది. దీపం వత్తి నూనెను పైకి లాక్కునేదీ ఈ గుణంతోనే. అందుకే సన్నటి సందులో చిక్కిన నీళ్లు తమ బరువుతో తాము దిగిరాలేవు. ఒక కుదుపో, గాలో, పొడిగుడ్డ కొసో తోడు కావాలి. లేదా పైనుంచి ఇంకో బొట్టు వచ్చి కలవాలి. అప్పుడు బరువు హద్దు దాటి, నిలిచిందంతా ఒక్కసారిగా జారుతుంది. హారతి వేళకి సరిగ్గా జరిగేది అదే.

పక్కద్దంలో నీరు సందులో కాదు, ఏకంగా గదిలో ఉంటుంది. లోపల అద్దం అటూ ఇటూ కదలాలి కనుక దాని చుట్టూ ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలోంచి వెళ్లిన నీరు డొప్ప అడుగున చేరి నింపాదిగా కారుతుంది. అందుకే ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ ఊరుతున్నట్టే ఉంటుంది. రెండుసార్లు మడిచి తెరిచి, అరచేత్తో రెండు దెబ్బలు తడితే చాలావరకు రాలిపోతుంది.

తలుపులోకి నీళ్లు వెళ్తాయి, వెళ్లనివ్వండి

కిటికీ అద్దం కిందికి దిగే చీలిక దగ్గర రబ్బరు పట్టీ ఉంటుంది కదా. అది అద్దాన్ని తుడుస్తుంది కానీ నీటిని పూర్తిగా ఆపదు. వానలోనైనా, వాషింగ్‌లోనైనా కొంత నీరు అద్దం వెంట తలుపు డొల్లలోకి దిగుతుంది. ఇది లోపం కాదు. అలా దిగుతుందని తెలిసే తలుపు లోపలి అట్ట వెనక ఒక ప్లాస్టిక్ పొర అంటిస్తారు, నీరు సీట్ల వైపు రాకుండా. తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలు వదులుతారు, కిందికి పోయేందుకు. కూర్చుని, అడుగున వేలితో తడిమి చూస్తే దొరుకుతాయి. మన రోడ్ల దుమ్ము నీళ్లతో కలిసి ముద్దయి వీటిని మూసేస్తుంది. బ్రేకు వేసినప్పుడు తలుపులో గలగల వినిపించిందంటే లోపల నీళ్లు నిలిచాయన్నమాట. పుల్లతోనో, పాత పళ్ల బ్రష్షుతోనో మట్టి తీసేస్తే సరి. ఇనుప చువ్వ పెట్టి గెలికితే మాత్రం రంగు గీసుకుపోయి తుప్పుకి మనమే ముహూర్తం పెట్టినట్టు.

ముందద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ కిందా ఇలాంటి కాలువే ఉంటుంది. కానుగ చెట్టు కిందో, వేప కిందో బండి ఆపేవాళ్లు అక్కడ ఒకసారి చెయ్యిపెట్టి చూడాలి. ఆకులు, పూత, కుళ్లిన చెత్త గుప్పెడు రావచ్చు. చాలా కార్లలో ఏసీ బయటి గాలి పీల్చుకునేది ఆ పక్కనుంచే. కడిగిన మర్నాడు కారులో ముక్కవాసన వస్తే సెంటుబుడ్డి కొనేముందు ఇక్కడ వెతకడం మంచిది. సన్‌రూఫ్ ఉన్నవాళ్లకి అదనంగా దాని మూలల్లోని నీటి గొట్టాలు. అవి పూడితే నీరు నేరుగా నెత్తినే పడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

మరక నీటిది కాదు, ఉప్పుది

సందులోంచి ఆలస్యంగా దిగిన నీరు ఎండలో అక్కడే ఆరితే తెల్లటి చార మిగులుతుంది. నల్లకారు ఉన్నవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఆరిపోయేది నీరు మాత్రమే. అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు రంగు మీదే ఉండిపోతాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. సెల్లారుల్లో కార్లు కడిగేది ఎక్కువగా బోరు నీళ్లతో. ఆ నీళ్ల సంగతి బాత్రూము కుళాయికి పట్టిన తెల్లటి పొక్కే చెబుతుంది.

ఇక్కడ మన ఇళ్లలో ఒక పొదుపు ఎదురుతిరుగుతోంది. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటిని బకెట్టులో పట్టి కారు కడుగుతారు. నీరు వృథా కాకూడదన్న ఆలోచన మెచ్చుకోవాల్సిందే. కానీ తాగేనీటిలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ బకెట్టులోనే ఉంటాయి. మొదట మట్టి వదిలించడానికి అది పనికొస్తుంది. చివరి కడుగుకి మాత్రం పనికిరాదు. చివరి చెంబుకి సరైన నీరు వేరే ఉంది. వేసవిలో ఏసీ గొట్టం నుంచి బకెట్టులో పడేది. గాలిలోని ఆవిరి చల్లబడి కారిన నీరు కనుక అందులో లవణాలు దాదాపు ఉండవు. పక్కద్దాల మీద, లోగో మీద, హ్యాండిళ్ల మీద ఆ నీరు పోస్తే సందులో ఏం మిగిలినా చార కట్టదు.

ఇప్పటికే పడిన చారకి వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, వెంటనే కడిగేయాలి. చక్రాల కింద నలిగిన నిమ్మకాయల్లోనూ ఆమ్లమే ఉంది లెండి, కానీ వాటికి వేరే డ్యూటీ ఉంది.

చారకన్నా నెమ్మదిగా జరిగేది తుప్పు. కేంబ్రిడ్జిలో పనిచేసిన యూలిక్ ఎవాన్స్ 1920ల్లో ఇనుపరేకు మీద ఒక్క ఉప్పునీటి బొట్టు వేసి దీని గుట్టు చూపించాడు. బొట్టు అంచున గాలి బాగా అందుతుంది, నడుమ అందదు. రేకు కరిగిపోయేది గాలి అందని నడుమనే. కారు సందూ అంతే. బయటికి తెరిచి ఉన్న చోట త్వరగా ఆరిపోతుంది, రెండు రేకులు ఒకదానిమీదొకటి మడిచిన లోతులో చెమ్మ నిలిచి తినేస్తుంది. ఇప్పటి కార్లకి రేకు మీద జింకు పూత, ఆపైన రంగుకి ముందు వేసే రక్షణ పొర ఉంటాయి కాబట్టి మరీ బెంబేలెత్తనక్కర్లేదు. కానీ విశాఖలో, కాకినాడలో సముద్రపు గాలి తగిలే వీధుల్లో ఉప్పు రోజూ వచ్చి చేరుతుంది. అక్కడ తలుపు అడుగు మడతల్ని ఆరబెట్టకుండా వదిలేయడం నాకు నచ్చదు. చలిదేశాల్లో ఇంకో చిక్కు. షికాగోలోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు మంచు రోడ్ల మీద చల్లిన ఉప్పు వదిలించడానికి కారు కడిగి బయట పెడితే, బీడింగులో మిగిలిన తడి గడ్డకట్టి పొద్దునకి తలుపు రాదు. అక్కడ తలుపులన్నీ తెరిచి రబ్బరు తుడిచాకే ఇంట్లోకి వెళ్లాలి.

గాలి ముందు, గుడ్డ తర్వాత

ఆరబెట్టడం కడుగుతున్నప్పుడే మొదలవుతుంది. పైపు నాజిల్ తీసేసి, ఒత్తిడి లేకుండా, టాప్ మీద నుంచి నీటిని దుప్పటిలా పారించాలి. పారే నీరు విడి బొట్లను తనతో లాక్కుపోతుంది. అదే గన్‌తో దగ్గర్నుంచి కొడితే నీరు రావాల్సిన దానికన్నా లోతుకి వెళ్తుంది. చెంబు, బకెట్టుతో కడిగేవాళ్ల కార్లలో సందుల బాధ తక్కువ, ఖర్చయ్యే నీళ్లూ తక్కువే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించిన సంగతి మరచిపోకూడదు.

తర్వాత గాలి. వాటర్ సర్వీసింగ్ దగ్గర మనం డబ్బిచ్చేది కడిగినందుకు. ఆరబెట్టినందుకు కాదు. వెనక ఇంకో కారు ర్యాంపు ఎక్కడానికి హారన్ కొడుతుంటే ఆ కుర్రాడైనా ఏం చేస్తాడు? రెండు గుడ్డలు తిప్పి పంపేస్తాడు. టైర్లకి గాలికొట్టే కంప్రెసర్ మాత్రం చాలాచోట్ల పక్కనే ఉంటుంది. ‘‘తమ్ముడూ, అద్దాలకి, లైట్లకి కాస్త గాలి కొట్టవా’’ అని అడిగితే కాదనడు. మొదట ఒకసారి నేలమీదికి కొట్టి చూపించమనండి. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీరు, నూనె తుంపర ఉంటే అక్కడే తెలిసిపోతుంది. జానెడు దూరం నుంచి, ఏటవాలుగా, పైనుంచి కిందికి కొట్టాలి. మనిషి ఒంటివైపు ఎప్పుడూ తిప్పకూడదు. ఇంట్లో అయితే చేతిలో పట్టే బ్లోయరు చాలు. వేడిగాలి అక్కర్లేదు. మనకి కావాల్సింది నీటిని తోసేయడం, ఉడికించడం కాదు.

గాలి ఎటునుంచి మొదలుపెట్టాలో అందరూ తికమకపడతారు. టాప్ పట్టీలు, ముందద్దం అంచు, పక్కద్దాలు, హ్యాండిళ్లు, పెట్రోలు మూత, వెనక లైట్లు, నంబరు ప్లేటు, చివరికి చక్రాల బోల్టుల గుంటలు. కిందిది ముందు ఆరబెడితే పైనుంచి మళ్లీ దిగుతుంది, అంతే రహస్యం. ఆ తర్వాత తలుపులు, డిక్కీ, బానెట్ తెరిచి పది నిమిషాలు వదిలేసి టీ తాగి రావాలి. ఈ పది నిమిషాలకి బదులు ఏ ఖరీదైన గుడ్డా కాదు.

గుడ్డ విషయానికొస్తే పాత బనీను వద్దు, దాని కుట్టు గీతలు పెడుతుంది. మైక్రోఫైబరు మేలు. దానిలోని పోగు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం కాబట్టి సందు నీటి పట్టు మీద అదే పట్టుతో పోటీపడుతుంది. రుద్దక్కర్లేదు. గుడ్డ కొసను మడిచి సందులో ఆనించి ఉంచితే నీరే ఎక్కి వస్తుంది.

హెడ్‌లైటు లోపల మంచులా పట్టినా కంగారు పడొద్దు. దానికి గాలి ఆడే రంధ్రాలుంటాయి, లైటు వేసి కాసేపు తిరిగితే పోతుంది. లోపల నీరు మడుగులా నిలిస్తేనే మెకానిక్ పని.

చివరగా కారుని వీధిలో ఒక చుట్టు తిప్పండి. బ్రేకు నాలుగైదుసార్లు మెల్లగా నొక్కితే డిస్కుల మీది తడి వేడికి ఆరుతుంది, సందుల్లో మిగిలినదీ కుదుపుకి బయటపడుతుంది. రాత్రికి డిస్కుల మీద పట్టే పల్చటి ఎర్రతుప్పు పొద్దున మొదటి బ్రేకులకే పోతుంది, దానికి భయం లేదు. జాగ్రత్త పడాల్సింది వెనక డ్రమ్ బ్రేకులున్న చిన్నకార్లకి. తడితో హ్యాండ్‌బ్రేకు లాగి రాత్రంతా ఉంచితే లోపలి లైనింగు డ్రమ్ముకి అతుక్కుని, పొద్దున బండి కదలనని మొరాయిస్తుంది. చదునైన చోటైతే ఆ రాత్రికి మొదటి గేరులో వదిలి, టైరుకి అటూ ఇటూ ఇటుకరాళ్లు పెట్టండి. వాలు మీదైతే హ్యాండ్‌బ్రేకు తప్పదు. అలాంటప్పుడు ఆపేముందు ఇంకో రెండు వీధులు ఎక్కువ తిప్పడమే.