మూడడుగుల వీరుడికి పెద్ద కత్తి ఇవ్వరా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో హాఫ్‌లింగ్ అంటే సుమారు మూడడుగుల మనిషి. 2014 రూల్స్ ప్రకారం వాడు గ్రేట్‌స్వోర్డ్ లాంటి 'హెవీ' ఆయుధం పడితే, ప్రతి దెబ్బకీ 20 ముఖాల పాచిక రెండుసార్లు వేసి తక్కువ వచ్చిందే తీసుకోవాలి. 11 పడాల్సిన చోట దెబ్బ తగిలే ఛాన్స్ 50 శాతం నుంచి 25కి పడిపోతుంది. (సగంలో సగం, అంతే.) బలం 20 ఉన్న హాఫ్‌లింగ్‌కీ ఇదే శిక్ష, బలం 8 ఉన్న బక్కమనిషికి మాత్రం ఏమీ లేదు! పొట్టిదాన్ని కాబట్టి నాకు ఇది మరీ గుచ్చుకుంటుంది.

2003 నాటి 3.5 ఎడిషనే నయం. చిన్నవాళ్ళకి చిన్న సైజు కత్తి ఉండేది, లాంగ్‌స్వోర్డ్ డ్యామేజ్‌కి 8 ముఖాల పాచిక బదులు 6 ముఖాలది వేసేవాళ్ళు. 2024లో ఎత్తు లెక్కే తీసేశారు: హెవీ కత్తికైతే బలం 13, హెవీ విల్లుకైతే డెక్స్‌టెరిటీ 13 ఉంటే చాలు. నా హాఫ్‌లింగ్ ఇప్పుడు గ్రేట్‌యాక్స్ పట్టుకునే తిరుగుతోంది.