నింగికీ నేలకూ న్యాయం

ప్రకృతి దృశ్యాన్ని చూచి మురిసిపోవడం మానవునికి సహజం. ఆ దృశ్యాన్ని పదిలపరచుకోవాలని కోరడం అంతకంటె సహజం. నేడు కెమెరాయో, కెమెరా గల ఫోనో చేతిలో లేని విద్యార్థి అరుదు. అయినప్పటికీ కంటికి ఇంపుగా తోచిన సాయంసంధ్య చిత్రంలోకి వచ్చేసరికి, ఆకాశం సున్నం కొట్టిన గోడవలె తెల్లబోవడమో, నేల మసిబారిన కుండవలె నల్లబడడమో అందరికీ అనుభవమే. దీనికి కారణమేమి? నివారణోపాయమేమి? చిత్రాన్ని దిద్దడంలో ఎంతవరకు న్యాయం, ఎక్కడినుండి అన్యాయం? ఈ విషయాలను మాకు తెలిసినంతలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్ని సంవత్సరాల క్రిందట, మా దాదాగారు కట్టించిన పెంకుటిల్లును పడగొట్టడానికి ముందురోజు సాయంత్రం, వాన వెలిసిన ఆకాశం క్రింద ఆ ఇంటిని, పెరటి చింతచెట్టును కలిపి ఒక చిత్రం తీశాము. వసారాలో మా దాదీగారు కూర్చుని ఉన్నారు. ఎర్రని మబ్బులు చెడిపోరాదని ఆకాశానికి సరిపడేటట్లు వెలుగు కొలత పెట్టాము. మబ్బులు అద్భుతంగా వచ్చాయి, వసారా చీకటైపోయింది. తరువాత కంప్యూటరుపై ఆ చీకటిని వెలిగించబోతే, దాదీగారి ముఖానికి బదులు మరకలు, చదరపు గళ్ళు పైకి తేలాయి. ఆకాశానికి కొలత పెట్టడం మా తప్పు కాదు. స్థలం కలిసివస్తుందని కెమెరాను జేపెగ్ పద్ధతిలో ఉంచడమే మా తప్పు. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. దాదీగారు కూడా లేరు.

కన్ను చూచే తీరు వేరు, కెమెరా చూచే తీరు వేరు. ఆకాశంవైపు చూచినప్పుడు మన కంటిపాప కుంచించుకుంటుంది. నీడవైపు చూచినప్పుడు విప్పారుతుంది. రెటీనా కూడా వెలుగుకు తగినట్లు తనను తాను సర్దుకుంటుంది. ఇలా భాగాలుగా చూచినదానిని మనస్సు ఒక్క దృశ్యంగా కూర్చుతుంది. కెమెరాకు ఈ వెసులుబాటు లేదు. ఒక్కసారి తెర తెరచి మూసినంతలో నింగికీ నేలకూ ఒకే కొలత. ఛాయాచిత్రకారులు వెలుగును 'స్టాపు'లలో లెక్కిస్తారు. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపవుతుంది. నింగికీ నేలకూ 4 స్టాపుల భేదమున్నదంటే 16 రెట్లు. 6 స్టాపులంటే 64 రెట్లు. సూర్యాస్తమయ వేళ ఇంతటి భేదం వింత కాదు.

ఈ చిక్కు నేటిది కాదు. 19వ శతాబ్దంలో వాడుకలో ఉన్న కొలోడియన్ గాజుపలకలు నీలికాంతికి అతిగా స్పందించేవి. అందువలన నేల చక్కగా వస్తే ఆకాశం వెలవెలబోయేది. ఫ్రాన్సు దేశస్థుడైన గుస్తావ్ లె గ్రే 1850ల ద్వితీయార్ధంలో కొన్ని సముద్ర దృశ్యాలకు కెరటాల కొరకు ఒక నెగటివు, మబ్బుల కొరకు మరొక నెగటివు వాడి, రెండింటినీ ఒకే కాగితంపై ముద్రించాడు. మన హైదరాబాదులో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన లాలా దీన్ దయాళ్ కూడా గాజుపలకల యుగంవారే. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. కెమెరా పట్టినవారిని ఆ మాటతో గౌరవించడంలో ఔచిత్యమున్నది. వెలుగునీడలను కూర్చే పని యంత్రానిది కాదు, మనిషిది. అమెరికా దేశస్థుడైన ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన 'మూన్‌రైజ్' చిత్రానికి తరువాతి కాలంలో వేసిన ముద్రణలలో ఆకాశాన్ని మరింత నల్లగా దిద్దాడు. నెగటివు స్వరలిపి వంటిదనీ, ముద్రణ దానిని వినిపించే కచేరీ వంటిదనీ ఆయన పోలిక.

నేటి కెమెరాలో ఆ నెగటివు స్థానాన్ని 'రా' ఫైలు ఆక్రమించింది. రా అనగా వండని ముడిసరుకు. సెన్సారు పట్టిన వెలుగు లెక్కలను కెమెరా తన ఇష్టానుసారం వండి వడ్డించకుండా, దాదాపు ఉన్నవి ఉన్నట్లు మనకు అప్పగిస్తుంది. జేపెగ్ ఫైలులో ఒక్కొక్క వర్ణానికి 256 మెట్లు మాత్రమే. 12 బిట్ల రా ఫైలులో 4,096 మెట్లు, 14 బిట్ల ఫైలులో 16,384 మెట్లు ఉంటాయి. పైగా ఫైలు చిన్నది కావడానికి జేపెగ్ కొన్ని సూక్ష్మ వివరాలను శాశ్వతంగా పారవేస్తుంది. మా దాదీగారి ముఖం పోయినది అక్కడే.

అయితే రా ఫైలుకు కూడా ఒక హద్దు ఉన్నది. సెన్సారులోని ప్రతి గడినీ ఒక చిన్న పాత్ర అనుకుందాం. పాత్ర నిండిన తరువాత ఎంత వెలుగు పడినా పొర్లిపోవలసినదే. ఆ లెక్క ఎక్కడా మిగలదు. అడుగున కొద్దిగా వెలుగు చేరిన పాత్రను మాత్రం తరువాత కొంతవరకు పెంచి చూపవచ్చు. కాకపోతే ఇసుక చల్లినట్లు రేణువులు కనిపిస్తాయి. కనుక చిత్రం తీసేటప్పుడు పాటించవలసిన సూత్రం ఒక్కటే: ఆకాశం పొర్లిపోకుండా చూచుకుంటూ, ఆ హద్దులోపల వీలైనంత వెలుగును లోనికి రానివ్వాలి. కెమెరా తెరపై కనిపించే హిస్టోగ్రాము కుడి అంచుకు గుద్దుకోకుండా ఉన్నదా అని పరీక్షించాలి. ఐఎస్‌ఓ తక్కువగా ఉంచాలి. భేదం మరీ ఎక్కువైతే స్టాండుపై కెమెరాను కదలకుండా నిలిపి, ఆకాశానికొకటి, నేలకొకటి వెంటవెంటనే తీసి తరువాత కలుపుకోవచ్చు. గాలికి ఊగే కొమ్మలు, ఎగిరే పక్షులు ఉంటే ఈ ఉపాయం అంతగా పనికిరాదు.

ఇక దిద్దుబాటు. మొదట చిత్రమంతటికీ వర్తించే మార్పులు చేయాలి: తెలుపు రంగును సరిచూడడం, హైలైట్స్‌ను తగ్గించడం, షాడోస్‌ను పెంచడం. తరువాత ఆకాశానికి మాత్రమే వర్తించే మాస్కు వేసి, పైనుండి క్షితిజరేఖ వరకు క్రమంగా పలచబడేటట్లు కొద్దిగా వెలుగు తగ్గించాలి. ఇక్కడ ఒక ప్రమాదమున్నది. మాస్కు అడ్డగీతవలె సాగితే, ఆకాశంలోకి చొచ్చుకుపోయిన మీనారు, తాటిచెట్టు కూడా సగంనుండి పైకి నల్లబడతాయి. అట్టి భాగాలను మాస్కునుండి తొలగించాలి. చివరగా నీడలలోని రేణువులను తగుమాత్రంగా అణచాలి.

ఎక్కడ ఆగాలి? మేము మూడు పరీక్షలు పాటిస్తాము. ఒకటి, వెలుగునిచ్చేది ఆకాశం, పుచ్చుకునేది నేల. సామాన్యంగా దాతకంటె గ్రహీత ఎక్కువ వెలగరాదు. రెండు, చెరువులోని ప్రతిబింబం అసలు ఆకాశంకంటె ఒక పాలు తగ్గే ఉండాలి. మూడు, కొండ అంచువెంట తెల్లని అంచుకట్టు కనిపిస్తే దిద్దుబాటు శ్రుతి మించినట్లే.

ఈ సంచిక కొరకు ఒక విద్యార్థి కుతుబ్ షాహీ సమాధుల చిత్రం ఇచ్చాడు. గుమ్మటాలపై ఎండ ఎడమనుండి పడుతున్నది. సూర్యుడు మాత్రం కుడివైపు మబ్బులలో ఉన్నాడు. అడిగితే మబ్బులు వేరొక ఊరివని దాచకుండా చెప్పాడు. "లె గ్రే చేసినది కూడా ఇదే కదా సార్?" అని తిరిగి ప్రశ్నించాడు. మంచి ప్రశ్న. లె గ్రే పలకకు రెండింటినీ పట్టే శక్తి లేదు. నేటి రా ఫైలుకు చాలావరకు ఆ శక్తి ఉన్నది. అంతేకాక, ఊహను కలిపిన కళాఖండమని చెప్పి చూపడం వేరు. ఫలానా చోట, ఫలానా సాయంత్రమని క్రింద వ్రాయడం వేరు. రెండవది సాక్ష్యం. ఉన్న వెలుగును వెలికితీయడం సాక్షి గొంతును స్పష్టం చేయడమైతే, లేని మబ్బును అతికించడం సాక్షి చేత అబద్ధమాడించడమవుతుంది. ఆ విద్యార్థి అసలు రా ఫైలును తెచ్చి, దానిలో మిగిలియున్న వెలవెలని ఆకాశాన్నే ఓర్పుగా దిద్దాడు. అంతటి ఎర్రదనం లేదు. కాని ఎండా, గుమ్మటాలూ, మబ్బులూ ఒకే సాయంత్రానివి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఊరి చెరువులు, మీ పెద్దలు కట్టిన ఇళ్ళు ఎల్లకాలం నిలవవు. వాటిని చిత్రించబోయే ముందు మీ కెమెరాలో రా పద్ధతి ఉన్నదేమో చూడండి. ఆకాశాన్ని కాపాడండి, నేలను తరువాత ఓర్పుతో వెలిగించవచ్చు. ఆ నీడలో మీ వారెవరైనా కూర్చుని ఉండవచ్చు.