కాలువ నీటి లెక్కకు బ్లాక్‌చెయిన్ రక్ష
డిజిటల్ ట్విన్‌లోని సమాచారం చాటుగా మారకుండా కాపాడే విధానం

తుంగభద్ర నదిపై కర్ణాటకలోని రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే కాలువ జోగుళాంబ గద్వాల జిల్లా అలంపూర్ ప్రాంతానికి ప్రధాన సాగునీటి ఆధారం. మొత్తం 143 కిలోమీటర్ల పొడవులో తొలి 42 కిలోమీటర్లు కర్ణాటక పరిధిలో, మిగిలినది తెలంగాణ పరిధిలో ఉన్నాయి. బచావత్ ట్రైబ్యునల్ కేటాయింపు ప్రకారం ఈ పథకంలో తెలంగాణ వాటా 15.9 టి.ఎం.సి.లు, కర్ణాటక వాటా 1.2 టి.ఎం.సి.లు. తెలంగాణలో నిర్దేశిత ఆయకట్టు 87,500 ఎకరాలు. చివరి భూములకు నీరు సక్రమంగా చేరకపోవడంతో తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకాన్ని నిర్మించవలసి వచ్చింది. ఎక్కడ ఎంత నీరు వదిలారు, ఎంత చేరింది అన్న లెక్కపై అన్ని పక్షాలకు నమ్మకం కుదరడం ఇటువంటి కాలువకు అత్యవసరం.

డిజిటల్ ట్విన్ అంటే...

ఆనకట్ట, కాలువ, తూములు వంటి నిర్మాణానికి కంప్యూటర్‌లో రూపొందించే సజీవ ప్రతిరూపమే డిజిటల్ ట్విన్. నీటిమట్టాన్ని, ప్రవాహాన్ని కొలిచే సెన్సార్ల నుంచి సమాచారం ఎప్పటికప్పుడు అందుతుండగా ఈ ప్రతిరూపం కూడా మారుతుంది. ఏ తూము ఎంత ఎత్తితే చివరి గ్రామానికి నీరు ఎప్పుడు చేరుతుందో ముందుగానే అంచనా వేయవచ్చు. అయితే ఒక్క సెన్సార్ అంకెను ఎవరైనా చాటుగా మార్చినా అంచనా తప్పుతుంది. నష్టం చివరి ఆయకట్టు రైతుకు కలుగుతుంది.

బ్లాక్‌చెయిన్ చేసే పని

రాజోలిబండ వంటి కాలువకు ఈ విధానాన్ని అన్వయిస్తే, గంటగంటకు వచ్చే కొలతలను ఒక కట్టగా చేర్చి గణిత పద్ధతిలో వాటికి ఒక ముద్ర వేస్తారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో సమాచారం ఎంత పెద్దదైనా ఈ ముద్ర 64 అంకెలు, అక్షరాలలో ఇమిడిపోతుంది. సమాచారంలో ఒక్క అంకె మారినా ముద్ర పూర్తిగా మారుతుంది. ప్రతి కట్టలో అంతకు ముందరి కట్ట ముద్ర కూడా చేరుతుంది కనుక అవి గొలుసుగా ఏర్పడతాయి. ఈ గొలుసు ప్రతులు రెండు రాష్ట్రాల నీటిపారుదల శాఖల వద్ద, తుంగభద్ర బోర్డు వద్ద విడివిడిగా ఉంటే, ఏ ఒక్కరూ పాత లెక్కను ఇతరులకు తెలియకుండా దిద్దలేరు. అనుమతి పొందిన సంస్థలే పాల్గొనే బ్లాక్‌చెయిన్ ఇందుకు తగినది. స్థూలమైన కొలతలు, చిత్రాలు మామూలు సర్వర్లలోనే ఉండవచ్చు; గొలుసులో ముద్రలు ఉంటే చాలు.

తెలంగాణకు ఈ పరిజ్ఞానం కొత్త కాదు. హైదరాబాద్‌లో బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ఏర్పాటుకు 2018లో ఒప్పందం కుదిరింది. చిట్‌ఫండ్ లావాదేవీల నమోదుకు టి-చిట్స్ రూపొందింది.

పరిమితులు

బ్లాక్‌చెయిన్ నమోదైన అంకెను కాపాడుతుందే గాని, ఆ అంకె నిజమని ధ్రువీకరించదు. పూడికతో సెన్సార్ తప్పు చూపితే ఆ తప్పే చెక్కుచెదరకుండా నిలిచిపోతుంది. కనుక సెన్సార్లను నిర్ణీత కాలంలో సరిచూడడం, పక్షాల సమక్షంలో చేతి కొలతలతో పోల్చడం, ప్రతి పరికరానికి విడిగా గుర్తింపు సంకేతం ఇవ్వడం, ఆ సంకేతాలను భద్రపరచే బాధ్యతను నిర్దిష్ట అధికారికి అప్పగించడం అవసరం. పొరపాటు జరిగితే పాత నమోదును చెరపకుండా, కారణం తెలుపుతూ సవరణను కొత్తగా నమోదు చేయాలి.

ఈ జాగ్రత్తలు పాటించినప్పుడే, అలంపూర్ చివరి మడికి నీరు ఎందుకు చేరలేదన్న ప్రశ్నకు అందరూ అంగీకరించే ఒకే లెక్కతో సమాధానం చెప్పడం సాధ్యమవుతుంది.