ఊరు పేరు లేని ఫైలు

వర్తకుల కార్యాలయములలో చిట్టా, ఆవర్జాలకు బదులు కంప్యూటరు వచ్చి చాల కాలమైనది. పుస్తకములందైనచో దస్తూరిని బట్టి వ్రాసినవానిని గుర్తింపవచ్చును. కంప్యూటరులో మాత్ర మొక్కొకప్పుడు, ఎవరు చేర్చిరో, ఎందులకు చేర్చిరో తెలియని డేటాబేసు ఫైలొకటి బయల్పడును. లెక్కలు, చిరునామాలు మున్నగువానిని పట్టికలుగా కూర్చి దాచు ఫైలునకే డేటాబేసని పేరు. అక్కఱలేనిదని తుడిచివేసిన పిమ్మట నది ఖాతాదారుల బాకీల లెక్క యని తేలినచో చేయునదేమి? కావున ముందుగా దాని పుట్టుపూర్వోత్తరములను విచారింపవలెను.

ఫైలు పేరు నమ్మదగినది కాదు. దాని నెవరైనను మార్చవచ్చును. మొదటి బైట్లను చూడవలెను. ఎస్‌క్యూలైట్ ఫైలైనచో మొదటి 16 బైట్లలో 'ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3' అను మాటలు ఇంగ్లీషు అక్షరములలో నుండును. 1980 దశకమున వ్యాపారులు వాడిన డీబేస్ 3 ఫైలులలో మొదటి బైటు వెనుకనున్న 3 బైట్లు, కడపటి మార్పు జరిగిన సంవత్సరమును, నెలను, తేదీని తెలుపును. ఇది మిక్కిలి ఉపయోగకరము. ఏలయన, విండోస్‌లో ఫైలునకు నకలు తీసినచో నకలు తీసిన దినమే పుట్టిన తేదీగా పడును. మార్పు తేదీ మాత్రము పాతదే నిలుచును. పుట్టకముందే బడిలో చేరినట్లుండు నీ వింతను చూచి చదువరులు బెదరనక్కఱలేదు. అది నకలని గ్రహించిన చాలును.

ఇంతవఱకు కాగితము చేసినవాని పేరు తెలిసినదే గాని, జాబు వ్రాసినవాడు తెలియలేదు. ఈ భేదము నెఱుగనివారి వలన ఎస్‌క్యూలైట్ కర్తలు పడిన పాట్లు వినదగినవి. 2000 సంవత్సరమున రిచర్డ్ హిప్ వెలువరించిన ఆ సాధనమును ఎవరైనను తమ ప్రోగ్రాములలో ఉచితముగా చేర్చుకొనవచ్చును. మెకఫీ వారి వైరస్ నివారక ప్రోగ్రాము అట్లు చేర్చుకొనగా, జనుల కంప్యూటరులలో ఆ సాధనము పేరు గల తాత్కాలిక ఫైళ్లు కానవచ్చెను. విసిగినవారు ఆ పేరును గూగుల్‌లో వెదకి, కర్తల టెలిఫోను సంఖ్యలు సంపాదించి, రాత్రివేళ వారిని నిద్రలేపి మొఱపెట్టసాగిరి! తుదకు 2006లో కర్తలు ఆ ఫైళ్లకు తమ సాధనము పేరునే, కడపటి అక్షరము మొదటికి వచ్చునట్లు, తలక్రిందులుగా పెట్టిరి.

కావున నకలొకటి తీసి, దానిని తెఱచి లోపల వెదకవలెను. ఎస్‌క్యూలైట్ ఫైలులో పట్టికలను నిర్మించిన ఆజ్ఞలు యథాతథముగా నిలిచియుండును. పట్టికల పేర్లు, ఫైలున్న ఫోల్డరు, ఆ కాలముననే స్థాపింపబడిన ప్రోగ్రాములు, వీనిని పోల్చి చూచినచో వ్రాసినవాడు తఱచుగా దొరకును. దొరకనిచో, విండోస్‌లోని రిసోర్స్ మానిటరు ఆ వేళ ఏ ప్రోగ్రాము ఆ ఫైలును వాడుచున్నదో చూపును. నెలాఖరు లెక్కలకు మాత్రమే మేల్కొను ప్రోగ్రాములును గలవు. మేమైనచో ఒక నెల పూర్తిగా కనిపెట్టి చూచినగాని తుడుచుటకు సమ్మతింపము.