మార్కులు వేసేది ఎవరు? మనిషా, మిషనా?

మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయాలు పుట్టిందే పరీక్షలు పెట్టడానికి. ఈ మాట విని ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. చరిత్ర అది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మూడు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. లండన్ యూనివర్సిటీని నమూనాగా పెట్టుకున్న ఆ మూడింటికీ మొదట్లో పాఠం చెప్పే పని లేదు. పాఠాలు కాలేజీలు చెప్పేవి. సిలబస్ నిర్ణయించడం, పరీక్ష పెట్టడం, డిగ్రీ యివ్వడం విశ్వవిద్యాలయం పని. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తా జిల్లాల కాలేజీలు మద్రాసు వారి పరీక్షలకే విద్యార్థుల్ని తయారు చేసేవి. అంటే మన ఉన్నత విద్యకు పరీక్ష చివర తగిలించిన తోక కాదు, పునాదిలో వేసిన రాయి.

అందుకే పరీక్ష బాగుపడితే గాని చదువు బాగుపడదని పెద్దలు చాలాకాలంగా చెబుతూనే వున్నారు. 1948లో నియమించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షులు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన ఆయనకు మన పరీక్షల గుట్టు బాగా తెలుసు. ఉన్నత విద్యలో ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణనే సూచిస్తామని ఆ సంఘం తన నివేదికలో తేల్చి చెప్పింది.

ఆ మాట చెప్పి ఏడు దశాబ్దాలు దాటింది. సంస్కరణ సంగతి ఎలా వున్నా మిషన్లు మాత్రం వచ్చాయి. ఓఎంఆర్ షీట్లు వచ్చాయి, బార్‌కోడ్లు వచ్చాయి, కంప్యూటర్ ముందు కూచుని రాసే పరీక్షలు వచ్చాయి, స్క్రీన్ మీద పేపర్లు దిద్దే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఏ కాలేజీకి వెళ్లినా ఒకటే చర్చ: ఏ సాఫ్ట్‌వేర్ కొందాం? ఎన్ని కంప్యూటర్లు కావాలి? నా మనవి ఒక్కటే. ఏమి కొలవాలో తేల్చుకోకుండా కొలిచే సాధనం కొనడం "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టే వుంటుంది.

తూకంలో తేడా ఎక్కడ వస్తుంది?

స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుల్లో కొన్నేళ్లపాటు కూర్చున్నవాణ్ణి. ఒకే జవాబుకు పక్కపక్క కుర్చీల్లో వున్న యిద్దరు లెక్చరర్లు ఒకరు ఆరు, మరొకరు తొమ్మిది వేయడం చూశాను. ఇద్దరూ చిత్తశుద్ధి వున్నవారే. ఒకరు స్టెప్పులకు మార్కులు యిస్తారు, మరొకరు చివరి ఫలితానికి యిస్తారు. ఒకరికి చేతిరాత ముఖ్యం, మరొకరికి కాదు. పొద్దున్న మొదటి కట్టకూ, మధ్యాహ్నం భోజనాల తరువాతి కట్టకూ ఒకే మనిషిలోనే తేడా వస్తుంది.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. 1888లోనే ఇంగ్లాండులో ఎడ్జ్‌వర్త్ అనే గణాంక శాస్త్రవేత్త పరీక్ష మార్కుల్లో అదృష్టం పాలు ఎంతో లెక్క కట్టి చూపించాడు. 1912, 1913 సంవత్సరాల్లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే యిద్దరు పరిశోధకులు ఒకే జవాబు పత్రాన్ని అచ్చు వేయించి వందకు పైగా టీచర్లకు పంపారు. ఇంగ్లీషు పేపరుకు మార్కుల్లో పెద్ద తేడాలు వచ్చాయి. "భాషా సబ్జెక్టు కదా, మామూలే" అన్నారు కొందరు. సరేనని జామెట్రీ పేపరు పంపితే తేడా యింకా పెరిగింది! ముప్పైలోపు వేసినవారూ వున్నారు, తొంభై వేసినవారూ వున్నారు. లెక్కల్లో తప్పో ఒప్పో తప్ప మధ్యేమార్గం లేదనుకునేవారికి అది గట్టి సమాధానం.

మిషన్ వచ్చిన వైనం

మనిషి మనసుతో పనిలేకుండా మార్కులు వేయడం ఎలా? ఆ ప్రశ్నకు జవాబుగానే ఆబ్జెక్టివ్ ప్రశ్న, దాని వెనకే మిషన్ వచ్చాయి. రేనాల్డ్ జాన్సన్ అనే అమెరికన్ హైస్కూల్ టీచరు ఆలోచనతో ఐబీఎం సంస్థ 1938లో 805 అనే మిషన్ తెచ్చింది. పెన్సిల్ గీతలో వుండే గ్రాఫైట్ గుండా కరెంటు పారుతుంది. సరైన గడిలో గీత వుంటే మీటరు ముల్లు ఆ మేరకు కదులుతుంది. తరువాత కరెంటు పోయి వెలుతురు వచ్చింది. కాగితం మీద పడిన కాంతి తెల్లచోట తిరిగి వస్తుంది, నల్లగా దిద్దిన వృత్తం దగ్గర రాదు. మనం నింపే ఓఎంఆర్ షీటు పనిచేసేది యీ సూత్రం మీదనే.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. మిషన్ లెక్కపెడుతుంది, అంతే. ఏ వృత్తం సరైనదో చెప్పింది మనిషి. ప్రశ్న తయారుచేసింది మనిషి. 'కీ'లో తప్పుంటే మిషన్ ఆ తప్పును అలసట లేకుండా లక్షమందికి సమానంగా పంచిపెడుతుంది. మనిషి తప్పు చిల్లర తప్పు, మిషన్ తప్పు టోకు తప్పు.

99 ఎలా 00 అయింది?

దీనికి మన గడ్డ మీదనే చేదు ఉదాహరణ వుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. మొదటి సంవత్సరం మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. మళ్లీ చూస్తే ఆమెకు వచ్చినవి 99. ఎగ్జామినర్ ఓఎంఆర్ భాగంలో వృత్తాలు దిద్దేటప్పుడు 99కి బదులు 00 దిద్దారు. మిషన్ 00 అనే చదివింది. దాని పని అది సరిగ్గానే చేసింది! కాని రెండో మనిషి, అంటే స్క్రూటినీ చేసేవారు, పట్టుకోవలసిన చోట పట్టుకోలేదు. తెలుగు పేపరులో సున్నా రావడం వింతగా వుందే అని అడగవలసిన సాఫ్ట్‌వేరూ అడగలేదు.

ప్రభుత్వం ముగ్గురు సభ్యుల సంఘాన్ని వేసింది. ఫెయిలైన 3 లక్షల 80 వేలకు పైగా విద్యార్థుల పేపర్లను ఉచితంగా మళ్లీ పరిశీలించారు. వారిలో పదకొండు వందల మందికి పైగా పాసయ్యారు. శాతంలో చూస్తే చిన్న అంకె. కాని ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ చావులన్నిటికీ తప్పుడు మార్కులే కారణమని నేననను. కాని మార్కుల మెమో మీద ఒక అంకె ఎంత బరువైనదో ఆ వేసవి మనకు చెప్పింది. పరీక్షల ప్లాను వేసేవారు మొదట రాసుకోవలసిన వాక్యం "ఫలితాలు ఎంత త్వరగా యివ్వగలం?" అన్నది కాదు, "తప్పు జరిగితే ఎవరు, ఎప్పుడు పట్టుకుంటారు?" అన్నది.

రెండు పూటలు, రెండు పేపర్లు

2018 నాటికి రెండు తెలుగు రాష్ట్రాల ఎంసెట్లూ కంప్యూటర్ పరీక్షలయ్యాయి. అందరికీ ఒకేసారి సరిపడా కంప్యూటర్లు లేవు కాబట్టి రోజుల తరబడి, పూటకో పేపరుతో పరీక్ష జరుగుతుంది. అప్పుడు పుట్టింది నార్మలైజేషన్ అనే మాట. "నాకు ఎక్కువ మార్కులు వస్తే వాడికి మంచి ర్యాంకు వచ్చిందేమిటి సార్?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతూనే వుంటారు.

సులువుగా చెబుతాను. ఉదయం నలభై వేలమంది రాశారనుకుందాం. పేపరు కఠినం. లక్ష్మికి 110 వచ్చాయి. 110గాని అంతకు తక్కువగాని వచ్చినవారు 38 వేలు. అంటే ఆమె పర్సంటైల్ 95. సాయంత్రం మరో నలభై వేలమంది రాశారు. పేపరు తేలిక. రవికి 120 వచ్చాయి. కాని 120గాని అంతకు తక్కువగాని వచ్చినవారు 36 వేలే. అతని పర్సంటైల్ 90. కాబట్టి 110 వచ్చిన లక్ష్మే ముందు. జేఈఈ మెయిన్‌లో 2019 నుంచి వాడుతున్నది యీ పర్సంటైల్ పద్ధతే. మన ఎంసెట్ సూత్రం వేరు. అది ప్రతి పూట సగటునూ, పై వరుసలో నిలిచినవారి మార్కులనూ లెక్కలోకి తీసుకుంటుంది. మూల ఆలోచన మాత్రం ఒకటే: పేపరు కఠినమైతే ఆ నష్టం విద్యార్థి మీద పడకూడదు.

అయితే దీని అడుగున ఒక నమ్మకం వుంది. ఉదయం రాసినవారూ సాయంత్రం రాసినవారూ మొత్తం మీద సమాన ప్రతిభావంతులే అన్న నమ్మకం. వేలమంది రాసే పరీక్షలో ఆ నమ్మకం నిలుస్తుంది. అరవైమంది వుండే మన క్లాసును రెండు బ్యాచులు చేసి అదే సూత్రం వాడితే నిలవదు. పెద్ద పరీక్ష పద్ధతిని చిన్న పరీక్షకు తెచ్చి తగిలించకూడదు. ప్లాను అంటే యిలాంటి తేడాలు ముందే చూసుకోవడం.

కంప్యూటర్ యిచ్చేది, మనం తీసుకోనిది

కంప్యూటర్ వల్ల మంచి లేదని నా వాదన కాదు. స్క్రీన్ మీద దిద్దే పద్ధతిలో కూడిక తప్పులు వుండవు. ఒక ప్రశ్నకు మార్కులు వేయడం మరిచిపోతే సిస్టమ్ ముందుకు పోనివ్వకుండా పెట్టుకోవచ్చు. ఒకే పేపరును ఒకరికి తెలియకుండా మరొకరికి పంపి, తేడా ఎక్కువుంటే మూడో వ్యక్తికి పంపవచ్చు. నేను చెప్పిన ఆరూ తొమ్మిదీ జబ్బుకు యిదే మందు. కాని చాలాచోట్ల కాగితాలు మోసే ఖర్చు తగ్గిందని సంతోషించి, ఆ మందు వాడకుండానే వూరుకుంటారు.

ఇంకొకటి, ప్రశ్నను పరీక్షించడం. ఒక ఇంటర్నల్ పరీక్ష వందమంది రాశారనుకుందాం. మొత్తం మార్కుల్లో పై 27 మందినీ కింది 27 మందినీ విడదీయండి. ఒక ప్రశ్నకు పైవారిలో 24 మంది, కిందివారిలో 9 మంది సరిగా రాశారు. తేడా 15. దాన్ని 27తో భాగిస్తే 0.56. మంచి ప్రశ్న, తెలిసినవాణ్ణీ తెలియనివాణ్ణీ విడదీసింది. ఆ అంకె సున్నా దగ్గర వుంటే ప్రశ్న వృథా. మైనస్‌లో వుంటే బాగా చదివినవాడే తప్పు రాశాడన్నమాట. అప్పుడు అనుమానించవలసింది విద్యార్థిని కాదు, ప్రశ్ననో, కీనో, చెప్పిన పాఠాన్నో! ఈ లెక్క కంప్యూటరుకు క్షణం పని. ఫలితాలతోపాటు దాన్ని డిపార్టుమెంటుకు పంపే కాలేజీలు ఎన్ని?

ఇప్పుడు మన ప్రశ్నపత్రాల్లో ప్రతి ప్రశ్న పక్కన బ్లూమ్ స్థాయి, కోర్సు అవుట్‌కమ్ అంటూ కోడ్లు వేస్తున్నాము. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం చెప్పిన ఆరు మెట్లు మంచివే. మొదటి మెట్టు గుర్తుంచుకోవడం, పైమెట్లలో విశ్లేషించడం, విలువ కట్టడం. కాని పోయినేటి ప్రశ్ననే దించి పక్కన "విశ్లేషణ" అని కోడు వేసినంత మాత్రాన అది విశ్లేషణ అయిపోదు. బట్టీ పట్టిన నోట్సుతో దానికి జవాబు రాయగలిగితే అది మొదటి మెట్టే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక యీ సంగతి అందరికీ తేటతెల్లమైంది. ఇంట్లో రాసుకు రమ్మన్న అసైన్‌మెంటు క్షణాల్లో మిషనే రాసిస్తోంది. మిషన్ రాసిన జవాబుకు మిషనే మార్కులు వేస్తే మధ్యలో మన పిల్లవాడు నేర్చుకున్నదేమిటి? దానికి విరుగుడు మరో మిషన్ కాదు. అసైన్‌మెంటు యిచ్చిన కుర్రవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని అయిదు నిమిషాలు "యిది యెందుకు యిలా రాశావు?" అని అడగడం. వైవా అనే పాత పద్ధతికి కొత్త విలువ వచ్చింది.

ప్లానులో వుండవలసినవి

మన కాలేజీవంటి చోట పరీక్షల కోసం ఏ టెక్నాలజీ కొన్నా, ముందుగా యీ అయిదింటికి జవాబు కాగితం మీద వుండాలి.

ఒకటి, ఈ పరీక్ష ఏమి కొలుస్తుంది? జ్ఞాపకమా, అవగాహనా, చేతిపనా?

రెండు, పాత పద్ధతి, కొత్త పద్ధతి ఒక్క సెమిస్టరైనా పక్కపక్కన నడిపి ఫలితాలు సరిచూశామా?

మూడు, కరెంటు పోతే, సర్వర్ ఆగితే విద్యార్థి సమయం ఎలా తిరిగి వస్తుంది?

నాలుగు, పల్లెనుంచి వచ్చి కీబోర్డు కొత్తగా ముట్టుకున్న విద్యార్థికి ముందుగా ఎన్ని మాక్ టెస్టులు పెట్టాము? వాడి కెమిస్ట్రీని కొలుస్తున్నామా, టైపింగునా?

అయిదు, మార్కు మీద అనుమానం వస్తే విద్యార్థి ఎవరి దగ్గరికి, ఎన్ని రోజుల్లో వెళ్లాలి? జవాబిచ్చే మనిషి పేరేమిటి?

ఈ చివరిదాని గురించి విద్యార్థి మిత్రులకు ఒక మాట. దిద్దిన తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి వున్నదని 2011 ఆగస్టులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ హక్కును పాసు మార్కుల కోసమే వాడుకోవద్దు. ఎక్కడ తప్పు రాశామో తెలుసుకోవడానికి కూడా వాడండి. లెక్చరర్ మిత్రులకు కూడా మనవి: పేపరు అడిగిన విద్యార్థిని తగాదాకోరుగా చూడవద్దు. దిద్దిన పేపరు విద్యార్థి చేతికి తిరిగి వచ్చి, దాని మీద యిద్దరూ కూర్చుని మాట్లాడుకున్న రోజున పరీక్ష కూడా పాఠమవుతుంది. మిషన్ ఏదైనా కొనండి. ఆ కూర్చునే తీరిక మాకు మిగిల్చేది అయితే మరీ సంతోషం.