అర్థశాస్త్ర విద్యార్థికి గణితమేల?

అర్థశాస్త్రమునకు మాటలే చాలుననియు, గణితమునకు వెరచువారు సుఖముగా చదువవచ్చుననియు పెక్కుమంది తలంపు. ఒక చిన్న ఉదాహరణముతో దీనిని పరీక్షింతము.

మిరప ధర పెరిగినది. మరుసటి ఏడు రైతులు హెచ్చుగా వేసిరి, ధర పడిపోయినది. అది చూచి సాగు తగ్గించిరి. ధర మరల పెరిగినది. ఈ ఊగిసలాట ఎన్నటికైనను నిలుచునా? మాటలు చెప్పజాలవు. లెక్క వేయుదము.

ధర రూపాయి తగ్గినచో కొనువారు 2 బస్తాలు అదనముగా కొందురనుకొనుడు. రూపాయి పెరిగినచో రైతులు మరుసటి ఏడు 1 బస్తా అదనముగా పండింతురనుకొనుడు. పంటకును కొనుగోలుకును సరిపడు ధరకంటె ఈ ఏటి ధర 8 రూపాయలు ఎక్కువైనచో, వచ్చే ఏడు 8 బస్తాలు మిగులును. అవి అమ్ముడుపోవలెనన్న ధర 4 రూపాయలు దిగువకు రావలెను. ఆపై 2 ఎగువ, 1 దిగువ, ఊగుట అణగును. రైతులు 1కి బదులు 3 బస్తాలు పెంచినచో ఆ తేడా 8, 12, 18, 27గా ముదురును. కథ ఒక్కటే, ఫలితములు రెండు! 1934లో నికొలాస్ కాల్డార్ దీనికి ‘సాలెగూడు సిద్ధాంతము’ అని పేరిడెను.

ఇట్టి కారణములచేతనే ఢిల్లీ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్ర ఆనర్సులో చేరుటకు 12వ తరగతిలో గణితము చదివియుండవలెను. ఇంటర్మీడియట్‌లో గణితము విడిచినవారికి ఆ ద్వారము మూతపడును. ఆసక్తిగలవారు గణితముతో కూడిన ఎం.ఇ.సి. గ్రూపు నెన్నుకొనుట మేలు.

అయితే 1, 2, 3 అను ఆ సంఖ్యలను గణితము చెప్పదు. వాటిని పొలములోను, మార్కెట్టు యార్డులోను విచారించియే తెలిసికొనవలెను.